ఇంజనుకి ఏ రంగు

మా అయ్యకి వారానికి రెండుసార్లు సోంపేట ప్రభుత్వాసుపత్రిలో డయాలసిస్ చేస్తారు. మొదట్లో ఆటోలో తీసుకెళ్ళేవాళ్ళం. గోతుల్లో ఆటో ఎగిరినప్పుడల్లా మూలిగేవాడు. తిరిగొచ్చేటప్పుడు నీరసంతో నా భుజం మీద వాలిపోయేవాడు. అందుకోసమే మేము ఒక కారు కట్టుకున్నాం. కొనుక్కున్నాం అనడం లేదు, కట్టుకున్నాం అంటున్నాను. అది పాత అంబాసిడర్. మా అన్న రెండేళ్ళపాటు ఒక్కో ముక్కా విప్పి, కడిగి, పనికిరానిది మార్చి, మళ్ళీ బిగించాడు. అంతా అయ్యాక, ఇంజనుని తిరిగి కారులో దించేముందు దానికి ఏ రంగు వెయ్యాలన్న దగ్గర మా ఇంట్లో పదిహేను రోజులు తగువు నడిచింది.

బానెట్టు కింద ఎవరికీ కనబడని ఇనపముద్దకి రంగేమిటి, దానికో తగువేమిటి అని మీకు అనిపించొచ్చు. మా బడిలో పిల్లలు కూడా అదే అడిగారు. వాళ్ళకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ఆ కారు మాకు కొత్తది కాదు. నేను పుట్టకముందు నుంచీ మా ఇంటి కూడు దాని మీదే ఆధారపడింది. ఉద్దానంలో కొబ్బరితోటలు, జీడితోటలు ఉన్న ఒక కామందుది ఆ కారు. ఆయన పేరూ, ఊరి పేరూ రాయను. రాస్తే ఇది ఆయన కథ అయిపోతుంది. నేను రాస్తున్నది మా అయ్య కథ.

1979లో మా అయ్య ఆ ఇంట్లో కారు కడిగే పనికి కుదిరాడు. అప్పటికి పందొమ్మిదేళ్ళ కుర్రాడు. చదువు మూడో తరగతి. కారు కొని మూడేళ్ళయింది. నడపడానికి వేరే డ్రైవరుండేవాడు, వాళ్ళ కులపాయనే. కడగడం, నీళ్ళు పొయ్యడం, ఆయిలు మార్చడం, చక్రం విప్పడం, కిందకి దూరి గ్రీజు కొట్టడం మా అయ్య పని. చూసి చూసి టాపెట్లు సర్దడం నేర్చుకున్నాడు. పాయింట్లు గీకి గ్యాపు పెట్టడం నేర్చుకున్నాడు. కార్బొరేటరు విప్పి ఊది బిగించడం నేర్చుకున్నాడు. పదేళ్ళు తిరిగేసరికి ఆ బండికి ఏం జబ్బు చేసిందో చెవి ఒగ్గి విని చెప్పేసేవాడు. కాశీబుగ్గ షెడ్డుకి తీసుకెళ్తే అక్కడి మేస్త్రీ కూడా ముందు మా అయ్యనే అడిగేవాడంట.

అన్నీ ముట్టుకోవచ్చు, సీటు తప్ప. ఇంజనులోకి మోచేతుల దాకా చేతులు పెట్టొచ్చు. సీటు మీద ఒక్క వేలు పెట్టకూడదు. లోపల సీట్లు దులపడం డ్రైవరు పని. టెక్కలికో శ్రీకాకుళానికో దూర ప్రయాణముంటే, దారిలో బండి ఆగితే బాగుచెయ్యడానికి మా అయ్యని తీసుకెళ్ళాలి కదా. ఎక్కడ కూర్చోబెట్టాలి? డిక్కీలో. డిక్కీ తలుపు సగం ఎత్తి తాడుతో కట్టి, స్టెప్నీ పక్కన కూర్చోబెట్టేవారు. రోడ్డు దుమ్మంతా అతని మొహానే. ఊరు చేరేసరికి కనుబొమ్మలు కూడా ఎర్రగా ఉండేవని మా అమ్మ చెప్పేది.

అంబేడ్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాసుకున్న బండి సంగతులు నేను బి.ఇడి. చదివేటప్పుడు చదివాను. 1901లో, చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు, తండ్రి దగ్గరికి గోరెగావ్ వెళ్తుంటే కులం తెలిసిన బండివాడు తోలనన్నాడు. రెట్టింపు కిరాయి ఇస్తామంటే, పిల్లలే తోలుకోవాలి, తాను నడిచొస్తానన్నాడు. 1929లో చాలీస్‌గావ్‌లోనూ అంతే. అప్పటికే ఆయన బారిస్టరు. టాంగావాళ్ళు ఆయన్ని ఎక్కించుకుని తోలేది లేదన్నారు. తోలడం చేతకాని తనవాడొకడు పగ్గాలు పట్టుకుంటే, కల్వర్టు దగ్గర ప్రమాదం జరిగి ఆయన రాళ్ళ మీద పడ్డాడు. ఆ పేజీలు చదివిన రాత్రి నాకు స్టెప్నీ పక్కన కూర్చున్న మా అయ్య కనిపించాడు. అంతవరకు నేనతన్ని కారు పని తెలిసిన మనిషిగానే చూసేదాన్ని. డిక్కీలో మనిషిగా చూడలేదు. చిన్నప్పుడు అది మాకు గొప్పగా కూడా ఉండేది. మా అయ్య కారులో టెక్కలి వెళ్ళాడని పేటలో చెప్పుకునేవాళ్ళం.

ఇక రంగు సంగతికి వస్తాను.

అంబాసిడర్ ఇంజను దిమ్మ పోతఇనుము. మనిషి కష్టపడి నాలుగు చేతులు వేస్తేగానీ కదలదు. పోతఇనుముకి గాలి తగిలితే తుప్పు పడుతుంది. మాది సముద్రగాలి తగిలే నేల. బారువ తీరం నుంచి వచ్చే ఉప్పుగాలికి మేకు కూడా ఏడాది తిరక్కుండా పొరలు లేచిపోతుంది. కంపెనీ వేసి పంపిన రంగు ఇరవై ఏళ్ళకి పెచ్చులూడిపోయి, ఇంజను మీద ఎర్రటి తుప్పు కనిపించడం మొదలుపెట్టింది. రంగు కొనివ్వమని మా అయ్య డ్రైవరు చేత అడిగించాడు. బానెట్టు లోపల ఎవడు చూస్తాడు అన్నాడట కామందు.

1999 ఏప్రిల్ 14కి మా పేటలో అంబేడ్కర్ బొమ్మ నిలబెట్టుకున్నాం. ఇంటింటికీ చందా వేసుకున్నాం. మా అమ్మ జీడిగింజలు కొట్టిన కూలిలో మూడు వారాలవి ఇచ్చింది. సిమెంటు బొమ్మ. కోటుకి వెయ్యడానికి నీలం ఎనామిలు రెండు లీటర్లు తెచ్చారు. రంగు వేసినవాళ్ళలో మా అయ్య ఒకడు. నాకు పదకొండేళ్ళు. అతను వేసే కుంచె కిందుగా నిలబడి, కారిన చుక్కలు గుడ్డతో తుడిచాను. రంగు కొంత మిగిలింది. పారేసేది లేదు కదా. మా అయ్య ఆ డబ్బా షెడ్డుకి తీసుకెళ్ళి, తుప్పు గోకి, ఇంజను దిమ్మకీ, టాపెట్ కవరుకీ వేసేశాడు. సైలెన్సరు గొట్టం మొదలయ్యే మేనిఫోల్డుకి మాత్రం వెయ్యలేదు. అక్కడ వేడికి మామూలు రంగు నిలవదు, కాలి కంపు కొడుతుంది. దిమ్మ వేడి దాదాపు మరిగే నీళ్ళంత. దానికి ఎనామిలు ఓర్చుకుంటుంది. ఈ లెక్క అతనికి ఎవరూ చెప్పలేదు.

ఏడాది వరకు ఎవరూ చూడలేదు. కామందు ఎన్నడూ బానెట్టు ఎత్తించి చూసినవాడు కాదు.

2000లో వాళ్ళ బంధువుల పెళ్ళికి వెళ్తుంటే హైవే మీద రేడియేటరు గొట్టం పగిలింది. వెనకాల వాళ్ళవే ఇంకో రెండు కార్లు. అందరూ దిగారు. మా అయ్య బానెట్టు ఎత్తాడు. కుర్రాళ్ళలో ఒకడు తొంగిచూసి నవ్వాడంట. ‘‘ఏట్రా, మీ బొమ్మ రంగు మా బండిలోకి ఎక్కించీసినావా’’ అన్నాడంట. అంతే. కామందు మా అయ్యని రోడ్డు మీదే, ఆడాళ్ళూ పిల్లలూ చూస్తుండగా, చెంపల మీద కొట్టాడు. కొట్టించుకుని కూడా ముందు గొట్టం మార్చి బండి కదిలేలా చేసింది మా అయ్యే. పెళ్ళికి వాళ్ళు వెళ్ళారు. ఇతన్ని అక్కడే దింపేశారు. నడిచీ, లారీ ఎక్కీ ఇంటికొచ్చాడు.

మర్నాడు నీలమంతా గోకెయ్యమన్నారు. ఇనపబ్రష్షు, గరుకు కాగితం ఇచ్చారు. రెండు రోజులు గోకాడు. పైన వెయ్యడానికి నల్లరంగు డబ్బా వాళ్ళే కొనిచ్చారు. తుప్పు పట్టినప్పుడు దొరకని రంగు అప్పుడు దొరికింది. నెల జీతం కోసుకున్నారు. ఆ రెండు రోజులూ ఇంటికొచ్చి అన్నం తినేటప్పుడు అతని గోళ్ళ సందుల్లో నీలం ఉండేది. నేను ఏడో తరగతి. ఆ గోళ్ళు ఇప్పటికీ నా కళ్ళలో ఉన్నాయి.

అప్పటికి కారంచేడు జరిగి పదిహేనేళ్ళు, చుండూరు జరిగి తొమ్మిదేళ్ళు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉందని మా పేట కుర్రాళ్ళకి తెలుసు. కేసు పెడదామని మా ఇంటికొచ్చారు. మా అయ్య ఒప్పుకోలేదు. పని పోతే ఇద్దరు పిల్లల చదువు పోతుందన్నాడు. మళ్ళీ అదే షెడ్డుకి వెళ్ళాడు. ఆ జీతంతో, అమ్మ జీడికూలితో నేను డిగ్రీ దాకా వచ్చాను. అన్న పదితో ఆపేసి మెకానిక్కు షెడ్డులో చేరాడు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. మా పేటలో ఆడపిల్లల్లో మొదటి సర్కారు ఉద్యోగం నాది. ఆ కేసు పెట్టకపోవడం వల్లే ఇదంతా అని కొందరంటారు. ఆ మాట నాకు మింగుడుపడదు. చెంపదెబ్బ మింగితేనే చదువు దొరికే ఏర్పాటు ఎవరు చేశారని అడగాలి కదా.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా పలాస, సోంపేట వైపునే దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడిచెట్లు వేళ్ళతో లేచిపోయాయి. అప్పటికి కామందు పోయాడు. కొడుకులు విశాఖపట్నంలో, ఇంకా పైన. కారు షెడ్డు మీద కొబ్బరిచెట్టు పడి, కారు పైకప్పు నొక్కుకుపోయింది. మరుసటేడు దాన్ని పాతినుముకి అమ్మేస్తున్నారని తెలిసి మా అన్న వెళ్ళాడు. ఇనుము ధరకి ఇంకో నాలుగు వేలు వేసి 22 వేలకి తెచ్చాడు. సగం డబ్బు నాది. ‘‘దీన్ని ఎందుకు తెచ్చావన్నా’’ అంటే, ‘‘అయ్య సేతులు దీన్లో ఉన్నాయి సెల్లీ’’ అన్నాడు. లారీ మీంచి దించుతుంటే మా అయ్య చుట్టూ ఒకసారి తిరిగాడు. బంపరు మీద చెయ్యేసి, ‘‘ముసిలిదైపోనాది’’ అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

అన్నకి పని దొరికినప్పుడు బయట బళ్ళు, లేనప్పుడు ఈ బండి. ఇంజను విప్పినప్పుడు సెలవు రోజుల్లో నేనూ వెళ్ళేదాన్ని. ఆడమనిషి షెడ్డులో ఏమిటని దారినపోయేవాళ్ళు చూసేవారు. నేను కిరసనాయిలులో నట్లు, బోల్టులు కడిగి వరసగా పెట్టేదాన్ని. ఒకరోజు అన్న తడి గరుకు కాగితంతో దిమ్మ మీద ఒకచోట మెల్లగా రుద్దాడు. పైన నలుపు. నలుపు కింద అక్కడక్కడా నీలం. నీలం కింద లేత ఆకుపచ్చ. దాని కింద ఇనుము. డైనమో బిగించే బ్రాకెట్టు విప్పితే దాని వెనకాల అరచెయ్యంత మేర నీలం చెక్కుచెదరకుండా ఉంది. 1999లో వేసేటప్పుడు కుంచె సందులోంచి దూరింది. గోకేటప్పుడు బ్రష్షు దూరలేదు. ఆ నీలం చూసిన రోజే నేను నిర్ణయం చేసేసుకున్నాను. ఇంజనుకి నీలమే వెయ్యాలి. మా అయ్యని కొట్టిన రంగే పైకి రావాలి.

అన్న ఒప్పుకోలేదు. అతనికి రంగు అంటే పని. ఆ పదిహేను రోజుల్లో ఇంజను రంగు గురించి అతని దగ్గర నేను నేర్చుకున్నది బి.ఎస్సీ.లో నేర్చుకోలేదు.

సిల్వరు వద్దన్నాడు. రోడ్డుపక్క షెడ్లలో అమ్మకానికి పెట్టే బండి ఇంజనుకి సిల్వరు స్ప్రే కొట్టేస్తారు. దిమ్మ మీద సన్నటి పగులు, ఆయిలు చెమ్మ, అతుకు, అన్నీ దాని కింద దాక్కుంటాయి. పాత ఇంజను మరీ మెరుస్తుంటే దాన్ని కొనకూడదంట.

నలుపు వద్దన్నాడు. నలుపు వేడిని బాగా బయటికి వదులుతుందని నేను తరగతిలో చెప్పే పాఠం చెప్పాను. అన్న నవ్వాడు. ‘‘ఈ ఇంజను ఏడిని మోసికెల్లేది నీళ్ళు. నీళ్ళని సల్లార్చేది రేడియేటరు. రంగు కాదు’’ అన్నాడు. ఆలోచిస్తే నిజమే. నలుపు మీద కారిన ఆయిలూ నల్లగానే ఉంటుంది. కారుతోందని తెలిసేసరికి ఇంజను ఎండిపోతుంది.

ముదురు ఎరుపు వేస్తే తుప్పు ఏదో రంగు ఏదో తెలీదన్నాడు. ఏ రంగైనా వేడికి తట్టుకునేది కొనాలి, పలచగా రెండు మూడు పూతలు వెయ్యాలి, గ్యాస్కెట్టు కూర్చునే మొహాలకి తగలనివ్వకూడదు, ప్లగ్గుల కన్నాలకి గుడ్డలు కుక్కాలి. ఇంజను నంబరు మీద రంగు పూయకూడదు. పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషను కొత్త చేయించుకోవాలి. ఆ తనిఖీలో నంబరు చదవడానికి రాకపోతే బండి నీదని నువ్వు నిరూపించుకోలేవు.

‘‘మరి ఏం వేస్తావు?’’ అంటే, ‘‘కంపెనీ పచ్చ’’ అన్నాడు. దానికి ఇంకో కారణం ఉంది. పాత కార్ల సరదా ఉన్న ఒకాయన విశాఖపట్నం నుంచి వచ్చి చూసి వెళ్ళాడు. అన్ని భాగాలూ మొదట ఎలా వచ్చాయో అలాగే ఉంటే మంచి ధర ఇస్తానన్నాడు. డయాలసిస్‌కి వేరే చిన్న బండి కొనుక్కుని ఇంకా డబ్బు మిగిలేటంత ధర. అన్నకి షెడ్డు మీద అప్పుంది. నేను అతన్ని తప్పుపట్టలేను.

ఆయన మర్యాదస్తుడే. కుర్చీ తెచ్చి వేస్తే కూర్చోకుండా నిలబడే మాకు చాలా సంగతులు చెప్పాడు. అంబాసిడర్‌కి మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనీ, కలకత్తా పక్క ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ దాన్ని 2014 మే వరకు తయారుచేసిందనీ, మన బండిలో ఉన్న 1489 సి.సి. ఇంజను జాతిదే పెద్దది ఇంగ్లండులో ఎం.జి.బి. కార్లకి పెట్టారనీ, అక్కడ దానికి మొదట ముదురెరుపు, తర్వాత నలుపు వేశారనీ చెప్పాడు. అమెరికాలో ఫోర్డు వాళ్ళు 1966 నుంచి చాలా ఏళ్ళు ఇంజన్లకి నీలం వేశారంట. షెవర్లే వాళ్ళది నారింజ రంగంట. బానెట్టు ఎత్తగానే ఎవరి ఇంజనో తెలియాలని. తర్వాత మా దిమ్మ మీద ఆ నీలం చూసి, ‘‘ఇదెవరో మధ్యలో పాడుచేశారు. మొత్తం తీసెయ్యండి’’ అన్నాడు.

ఆయనకి తెలీదు. తెలియకుండానే అన్నాడు. కానీ నా కడుపులో ఏదో తిరిగినట్టయింది. ఫోర్డు వాళ్ళు నీలం వేస్తే కంపెనీ గుర్తు. మా అయ్య నీలం వేస్తే పాడుచెయ్యడం. ‘ఒరిజినల్’ అనే మాట ఎక్కడి నుంచి మొదలవుతుంది? కారు ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు నుంచా? ఆ తర్వాత నలభై ఏళ్ళు దాన్ని బతికించిన చేతులకి అందులో చోటు లేదా?

రంగుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. మా అమ్మ అరచేతులు నల్లగా ఉంటాయి. జీడిగింజ కొడితే తొక్కలోంచి వచ్చే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఎంత తోమినా పోదు. ఆ నూనెనే రంగుల తయారీలోనూ, బళ్ళ బ్రేకు లైనింగుల్లోనూ వాడతారని నేను టీచరయ్యాక తెలుసుకున్నాను. ఇంటికొచ్చి అమ్మకి చెబితే తన చేతులు తిప్పి చూసుకుంది. ‘‘అయితే నా సేతులు కూడా ఆ కార్లో ఉన్నట్టే’’ అంది.

నేను గట్టిగా పట్టుబట్టాను. మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలకి కారు కథ చెప్పి ఏ రంగు వెయ్యాలని అడిగాను. అందరూ నీలమే అన్నారు. నాకు బలం వచ్చింది. 1942లో అంబేడ్కర్ పెట్టిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషను జెండా నీలమని, ఆ రంగు మనకి ఎక్కడి నుంచి వచ్చిందో అన్నకి పాఠం చెప్పాను. అన్న విని, ‘‘అదంతా నాకు తెలుసు సెల్లీ. మన బొమ్మకి నీనూ నీళ్ళు మోసినాను. మరి అయ్యనేటి అడిగినావా?’’ అన్నాడు.

అడగలేదు. పదిహేను రోజులు మేమిద్దరం వాదించుకున్నాం. పిల్లల్ని అడిగాను. విశాఖపట్నం ఆయన మాట విన్నాం. మా అయ్య వసారాలో మంచం మీద పడుకునే ఉన్నాడు. అతన్ని మాత్రం అడగలేదు. అతనికి జరిగిన అవమానానికి నేను బదులు తీర్చాలనుకున్నాను తప్ప, అతనికి ఏం కావాలో అడగాలని నాకు తోచలేదు. నా చదువు మీద నాకే సిగ్గేసింది.

ఆ సాయంత్రం అతన్ని నడిపించుకుని షెడ్డుకి తీసుకెళ్ళాం. దిమ్మ బల్ల మీద ఉంది. ముక్కాలి పీట వేసి కూర్చోబెట్టాం. ‘‘ఏ రంగు వెయ్యమంటావు అయ్యా?’’ అన్నాను. నావైపు చూశాడు. అలా అడుగుతానని అనుకోనట్టు.

‘‘ఆనాడు ఆ నీలం బాబాసాహెబుగారిదని వేశావు కదా?’’ అన్నాను. నాకు కావలసిన జవాబు నేనే అందించాను.

‘‘నేదమ్మీ. డబ్బాల మిగిలిపోనాది. ఇనుముకి తుప్పొట్టీస్తందని ఏసీసినాను. ఏ రంగైనా అదే పని సేద్దును’’ అన్నాడు. కాసేపాగి, ‘‘కొట్టినాక తెలిసినాది అదేటి రంగో’’ అన్నాడు.

అన్న తలొంచుకుని చేతిలో గుడ్డ నలుపుతూ ఉండిపోయాడు. నాకు ఏడుపొచ్చింది.

మా అయ్య వేలితో పచ్చ కనబడుతున్న చోట తడిమాడు. ‘‘నాను పన్లో కెల్లినప్పుడు ఇదే రంగు. ఇది కామందు ఏసినాది కాదు. ఎక్కడో కలకత్తాల ఎవుడో కూలోడు ఏసినాడు. ఆడూ నాలాటోడే. కామందు బతికినన్నాళ్ళు ఈ ఇంజను మొకం సూడనేదు. ఈ పచ్చ మీద సమురు కారితే కనిపిస్తాది. రాత్రి లాంతరెలుగుల కూడా కనిపిస్తాది. పచ్చే ఎయ్యండి.’’

నేను ఊరుకోలేదు. ‘‘లేత నీలం మీద కూడా చమురు కనిపిస్తుంది కదయ్యా?’’ అన్నాను.

‘‘కనిపిస్తాది. మరి ఎయ్యి. నీకు నచ్చితే ఎయ్యి. నన్నడిగినారు, నాను సెప్పినాను. ఈ బండికాడ నన్ను ఏ రంగని అడిగినోళ్ళు ఇదే మొదలు.’’

1979 నుంచి లెక్కపెట్టుకుంటే నలభై ఏళ్ళు దాటిపోయాయి. ఆ ఇంజను గొంతు అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలీదు. ఆ మాట విన్నాక ఇక తగువేముంది?

పచ్చే వేశాం. డబ్బా మీద రంగు పేరు చూసి కాదు. దిమ్మ మీద దొరికిన ముక్క దగ్గర పెట్టుకుని, తెలుపు, పసుపు కలుపుతూ, ఆరనిచ్చి చూస్తూ, మా అయ్య ‘‘సరిపోనాది’’ అనేదాకా కలిపాడు అన్న. తడిగా ఉన్నప్పుడు రంగు ఒకలా ఉంటుంది, ఆరాక ఒకలా. అందుకే మూడు రోజులు పట్టింది. పూత వేసేముందు మిగిలిన నీలం అంతా గోకాలి కదా. డైనమో బ్రాకెట్టు వెనక నీలం దగ్గరికి వచ్చేసరికి అన్న చెయ్యి ఆగింది. నన్ను చూశాడు. నేను అయ్యని చూశాను.

‘‘అక్కడ తుప్పు నేదు. తుప్పు నేని సోట గోకడం ఏల? ఒగ్గెయ్’’ అన్నాడు మా అయ్య.

అన్న దాని మీద కాగితం అంటించి చుట్టూ పచ్చ వేశాడు. ఇప్పుడు దాని మీద బ్రాకెట్టు ఉంది, బ్రాకెట్టు మీద డైనమో ఉంది. విప్పితేగానీ కనబడదు. విశాఖపట్నం ఆయనకి కారు అమ్మడం లేదని ఫోన్ చేసి చెప్పేశాం. అన్న అప్పు ఇంకా తీరలేదు. నా జీతంలోంచి నెలనెలా కొంత ఇస్తున్నాను.

మా బడి పిల్లలు ఇంజను చూడ్డానికి వచ్చి, నీలం కాదేమని నిలదీశారు. జరిగింది చెప్పాను. ఒక అమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. ‘‘ఆయన్ని అడగడం సరే టీచర్. కానీ కొట్టినాడికి ఎప్పుడు తెలుస్తాది?’’ అంది. నా దగ్గర దానికి జవాబు లేదు. కొట్టినాయన లేడు. కొడుకులకి గుర్తుందో లేదో. బహుశా ఈ రాయడం ఆ అమ్మాయి కోసమే. రంగు మా అయ్య ఇష్టం. జరిగింది చెప్పడం నా పని.

మొదటిసారి డయాలసిస్‌కి ఆ కారులో బయల్దేరిన రోజు నేను వెనక తలుపు తీసి పట్టుకున్నాను. వెనక సీట్లో, కామందు కూర్చున్న చోట, మా అయ్య కూర్చోవాలని నా కోరిక. సీటుకి కొత్త గుడ్డ కుట్టించాను. దిండు కూడా పెట్టాను. అతను లోపలికి తొంగిచూసి, తల అడ్డంగా ఊపి, ముందు తలుపు దగ్గరికి నడిచాడు.

‘‘ఎనక సీట్ల కూకుంటే ఇంజను ఇనపడదమ్మీ’’ అన్నాడు.

ముందు సీట్లో, అన్న పక్కన కూర్చున్నాడు. వెనక సీట్లో నేను, అమ్మ. కంచిలి దాటేవరకు ఎవరం మాట్లాడలేదు. అతను చెవి ఒగ్గి వింటున్నాడు. కాసేపటికి అన్న వైపు తిరిగి, ‘‘మూడో టాపెట్టు బిగువుగా ఉన్నాది. రేపు సర్దు’’ అన్నాడు.